కానుగయు గానుగయు

1900 సంవత్సరమున పారిస్ మహానగరములో జరిగిన ప్రపంచ ప్రదర్శనమునందు ఒక చిన్న యంత్రము నడచినది. చూచినవారిలో పెక్కురు దాని విశేషమును గ్రహింపలేదు. ఏలయన, అది ఖనిజతైలముతో గాక వేరుసెనగ నూనెతో నడచుచుండెను. యంత్రములో ఏ మార్పును చేయలేదు. నూనె మాత్రమే మారినది. డీజిల్ యంత్రమును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ ఈ ముచ్చటను 1912లో తానే జ్ఞాపకము చేసికొనెను. ఫ్రెంచి ప్రభుత్వమువారి యాలోచన ఇది: ఆఫ్రికాలోని తమ వలసలలో వేరుసెనగ విరివిగా పండుచున్నది, దూరదేశమునుండి బొగ్గును, ఖనిజతైలమును మోసికొని పోనక్కరలేకుండ, అచటి పంటతోనే అచటి యంత్రములను నడపరాదా?

చెట్టునుండియు చేనునుండియు పరిశ్రమ పుట్టవలెనన్న తలంపు కొత్తది కాదని చెప్పుటకు ఈ కథ చాలును. వేరుసెనగయే ప్రాణముగా బ్రతికిన అనంతపురము పీఠభూమికి ఈ కథతో దగ్గరి చుట్టరికమున్నది. అయినను, అచట పండిన కాయ పరిశ్రమకు పునాది కాలేదు. కారణములను వెదకినచో నేలను, వానను దాటి, ప్రభుత్వముల విధానముల వద్దకు పోవలసి యున్నది.

అనంతపురము సీమలో సాలున కురియు వర్షము సగటున 550 మిల్లీమీటర్లు. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య మేఘములు కోస్తాను తడిపి, ఇచటికి వచ్చుసరికి వట్టి మబ్బులై మిగులును. దేశమున అత్యల్ప వర్షపాతము గల జిల్లాల వరుసలో రాజస్థానపు ఎడారి జిల్లాయైన జైసల్మేరు తరువాత దీని పేరే చెప్పుట పరిపాటి. పెన్న, చిత్రావతి, హగరి నదులు పటమున నీలిగీతలుగా కనిపించును. సంవత్సరములో అధికభాగము ఇసుకదారులుగా నుండును. తరిమెల గ్రామమున పుట్టిన విద్వాన్ విశ్వం తన ‘పెన్నేటి పాట’ కావ్యమునకు ఈ దాహమునే వస్తువుగా గైకొనెను. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా విభజింపబడి, పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. పాలనకు సరిహద్దు పుట్టినదిగాని, కరవునకు సరిహద్దు లేదు.

ఈ యెర్రనేలలో వేరుసెనగ ఎట్లు సర్వాధికారి యైనదో విద్యార్థులు తెలిసికొనదగిన చరిత్ర. ఒకప్పుడు కొర్ర, సజ్జ, జొన్న, ఆరికె, కంది, ఉలవ కలిసి పండిన చేలను క్రమక్రమముగా ఈ యొక్క పంట ఆక్రమించినది. అమ్ముకొన్న రూకలు వచ్చును; కట్టె పశువునకు మేత యగును. 1986లో కేంద్రప్రభుత్వము నూనెగింజల సాంకేతిక మిషన్‌ను ప్రారంభించినది. విత్తనము, పరిశోధన, మద్దతు ధర, కొనుగోలు అన్నియు ఒక్క త్రాటికి వచ్చినవి. కొలది సంవత్సరములలో దేశము వంటనూనెల విషయమున దాదాపు స్వయంపోషక మైనది. పిమ్మట 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరచిరి. చౌకనూనె ఓడలలో వచ్చినది. మెట్టరైతు గింజకు బేరము తగ్గినది. నేడు దేశమునకు కావలసిన వంటనూనెలో సగమునకు పైగా విదేశములనుండియే వచ్చుచున్నది.

ఈ ఉత్థానపతనములలో వేరుసెనగ మొక్క గుణము మారలేదు. మారినది విధానము. మొక్కనుండి పుట్టు పరిశ్రమ మొక్క మంచిదైనంత మాత్రమున నిలువదు. దానిని నిలబెట్టు చేయి వేరొకటి కావలెను. ఈ పాఠమును మనసున నుంచుకొని కానుగచెట్టు కథకు పోవలసి యున్నది.

కానుగ ఎవరును ప్రత్యేకముగా పెంచని చెట్టు. సీమలో దానిని కానుగమాను అందురు. సంస్కృతమున కరంజము. అమరసింహుడు దానికి చిరబిల్వము, నక్తమాలము అను పర్యాయములను చెప్పినాడు. రఘువంశము అయిదవ సర్గమున అజకుమారుడు సేనతో నర్మదాతీరమున విడిసినపుడు అచటి గాలికి కదలాడినవి ఈ నక్తమాల వృక్షములే. తమిళులు పుంగు అందురు. కన్నడిగులు హొంగె అందురు. వృక్షశాస్త్రజ్ఞులు వాడు పొంగామియా అను పేరునకు మూలము ఈ ద్రావిడపదమే.

కావ్యగౌరవమున కన్న కాపువాని గౌరవము దీనికి ఎక్కువ. ఎండలు ముదురు వేళకు ఇతర వృక్షములు ఆకురాల్చి నిలుచుండగా, కానుగ లేతాకు తొడిగి చల్లని నీడనిచ్చును. వేళ్లు లోతునకు పోవును గనుక అనావృష్టికి తట్టుకొనును. చిక్కుడు కుటుంబమునకు చెందినది గనుక వేరుబొడిపెలలోని సూక్ష్మజీవుల సాయమున గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. ఆకు పచ్చిరొట్టగా పొలమునకు పోవును. పుల్ల పలుదోముటకు పనికివచ్చును. ఆకు చేదుగా నుండుటచే పశువు అంతగా ముట్టదు. కంచె లేని బీడులో బ్రతుకుటకు ఈ చేదే దానికి కవచము.

దీని గింజలో నూటికి ముప్పది పాళ్లు మొదలుకొని నలుబది పాళ్ల వరకు నూనె యుండును. సామాన్యమైన యంత్రములో నాలుగు కిలోల గింజలు ఆడించినచో ఒక కిలో నూనె వచ్చును. మిగిలిన పిండి మంచి యెరువు, నేలలోని పురుగులకు విరుగుడు. నూనె తినుటకు పనికిరాదు. పూర్వము దీపములలో పోసిరి. తోళ్లు పదును చేయుటకును, సబ్బునకును, చర్మవ్యాధులకును వాడిరి. ఆ దినములలో పల్లెలలో గాండ్లవారి ఎద్దుగానుగ తిరుగుచుండెడిది. కానుగ చెట్టున నుండెడిది. గానుగ వీధిలో నుండెడిది. కిరసనాయిలు దీపము వచ్చినది, పిమ్మట విద్యుద్దీపము వచ్చినది, పట్టణమున మిల్లు వచ్చినది. గానుగ ఆగినది. కానుగ మాత్రము కాయుచునే యున్నది. కాయ రాలి మట్టిలో కలియుచునే యున్నది.

ఈ నూనె మరల వార్తలకు ఎక్కినది ఇరువది యొకటవ శతాబ్ది ఆరంభమున. కానుగ నూనె చిక్కనిది. డీజిలువలె సన్నగా చిమ్మదు. దీనిని పలుచన చేయుటకు రసాయనశాస్త్రము చూపిన మార్గము సులభమైనది. నూనెకు మిథనాలును, కొంచెము క్షారమును చేర్చి వెచ్చజేసినచో నూనె అణువు విడిపోవును. బరువైన గ్లిజరిను అడుగునకు దిగును. పలుచని జీవడీజిలు పైకి తేలును. ఒక చిక్కు మాత్రమున్నది. గింజలను తేమలో నిలువ చేసినచో నూనె పులిసి ఆమ్లము పెరుగును. అప్పుడు క్షారము చేర్చగా డీజిలునకు బదులు సబ్బు తయారగును. కావున, ఈ పరిశ్రమ నాణ్యము కర్మాగారమున గాక గింజలేరు మనిషి ఇంటి ముంగిటనే, ఆరబోతలోనే నిర్ణయమగును. విధానములు వ్రాయువారు తరచుగా మరచు విషయమిది.

2003లో ప్రణాళికా సంఘము నియమించిన కమిటీ జీవ ఇంధనములపై నివేదిక నిచ్చినది. దేశములోని బీడులందు అడవియాముదమును నాటి, 2011-12 నాటికి డీజిలులో నూటికి ఇరువది పాళ్లు జీవడీజిలు కలుపవచ్చునని అందు ఆశించిరి. 2005 అక్టోబరులో కొనుగోలు విధానము వెలువడినది. 2006 జనవరి 1 నుండి లీటరు 25 రూపాయల వంతున చమురు సంస్థలు కొనునని ప్రకటించిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వర్షాభావ ప్రాంతముల అభివృద్ధి శాఖ ఈ పనికి పూనుకొని, ఈ నేలలకు అడవియాముదము కన్న కానుగయే మేలని మొగ్గు చూపినది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా నార్పల మండలము బండ్లపల్లెలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభమైనది. గుంటలు త్రవ్వుటకు కూలి దొరకునపుడు మొక్కలు నాటుట కష్టమైన పని కాదు.

ఆశించిన ఫలము మాత్రము రాలేదు. ఎందుచేత? లెక్క వేసి చూచిన తెలియును. కిలో గింజ వెల 6 రూపాయలని యనుకొన్నను, లీటరు నూనెకు గింజలకే 22 రూపాయలు దాటును. మిగిలిన మూడు రూపాయలలో ఆడించుట, మిథనాలు, రవాణా, యంత్రముల వడ్డీ అన్నియు ముగియవలెను. పిండిని, గ్లిజరినును అమ్మిన సొమ్ము కొంత తోడ్పడినను లోటు పూడునది కాదు. అమ్మజూపిన ధర తయారీ ఖర్చునకు తక్కువైనపుడు కొనుగోలు కేంద్రములు తెరచినను సరకు రాదు. రెండవ కారణము విత్తనము. కానుగలో చెట్టునకును చెట్టునకును కాపులో ఎంతయో వ్యత్యాసము. ఒకటి తొమ్మిది కిలోలు కాసిన, వేరొకటి తొంబది కిలోలు కాయును. మేలిచెట్లను ఎన్నుకొని అంటుకట్టుటకు మారుగా దొరికిన గింజ నాటిరి. మూడవది కాలము. కానుగ కాపునకు వచ్చుటకు నాలుగు మొదలుకొని ఏడు సంవత్సరములు పట్టును. ప్రభుత్వపు పథకములు అంతకాలము ఓపిక పట్టవు. అడవియాముదము గతియు ఇట్టిదే. బీడులో బ్రతుకుట వేరు, బీడులో కాయుట వేరు అను భేదమును గమనింపలేదు. 2009 డిసెంబరులో జాతీయ జీవ ఇంధన విధానమును ఆమోదించిరి. 2018లో దాని స్థానమున మరియొకటి వచ్చినది. ఇరువది పాళ్ల ఆశ 2030 నాటికి అయిదు పాళ్లు అను సూచనగా దిగినది.

ఇంతమాత్రమున ఆశ వదలుకొనవలెనా? ఆదిలాబాదు అడవులలోని పవర్‌గూడ అను గిరిజనుల పల్లె వేరొక మాట చెప్పుచున్నది. నేడది కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోని జైనూరు మండలమున నున్నది. అచటి మహిళాసంఘములవారు కానుగ నాటిరి, గింజలేరిరి, నూనె తీయు యంత్రమును తామే నడపిరి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు వారికి తోడైరి. ఈ నూనె డీజిలునకు బదులు వాడుటచే పదేండ్లలో ఆదా యగు 147 టన్నుల బొగ్గుపులుసు వాయువునకు వెలగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు ఆ స్త్రీలకు 645 డాలర్లు చెల్లించినది. మొత్తము గొప్పది కాదు. కాని చెట్టు, గింజ, యంత్రము, అమ్మకము నాలుగును ఒకే పల్లె చేతిలో నున్నవి. కానుగయు గానుగయు తిరిగి కలిసినవి. ఆ కూడికలోనే ఆ పల్లె అనుభవమునకు విలువ.

విధానము సరిగా కుదిరిన యెడల ఏమగునో తెలిసికొనుటకు వేపచెట్టును చూడవలెను. 1994లో ఐరోపా పేటెంటు కార్యాలయము వేపనూనెతో బూజు తెగులును నివారించు పద్ధతికి ఒక అమెరికా సంస్థకును, అమెరికా వ్యవసాయ శాఖకును కలిపి హక్కు నిచ్చినది. మన అవ్వలకు తెలిసిన సంగతికి పరులకు హక్కేమి అని వందనా శివ మున్నగువారు వాదించిరి. 2000లో ఆ హక్కు రద్దైనది. 2005 మార్చి 8న అప్పీలును కొట్టివేయబడినది. ఇది వేపకు జరిగిన రక్షణ. పోషణ వేరొక త్రోవన వచ్చినది. 2015లో కేంద్రప్రభుత్వము దేశమున తయారగు యూరియా యంతయు వేపనూనె పూసినదే కావలెనని శాసించినది. వేప పూత వలన యూరియా నేలలో మెల్లగా కరగి పైరునకు అందును. ఎరువును దొంగదారిన పరిశ్రమలకు మళ్లించుటయు కష్టమగును. టన్ను యూరియాకు సుమారు అరకిలో నూనె చాలును. అల్పమని తోచును. దేశము సాలున వాడు యూరియా సుమారు మూడున్నర కోట్ల టన్నులు. ఆ లెక్కన కావలసిన నూనె పదునేడు వేల టన్నులు దాటును. ఒక్క ఉత్తరువుతో వేపగింజకు నిలుకడయైన బేరము పుట్టినది. గుజరాతులో ఒక ఎరువుల సంస్థ వేపగింజల సేకరణను పల్లెటూరి స్త్రీలకు జీవనాధారముగ చేసి చూపినది.

కానుగకును వేపకును గల భేదమిదియే. కానుగ విషయమున మొక్కను నాటించిరి, కొనువానిని తగిన ధరకు నిలబెట్టలేదు. వేప విషయమున కొనువానిని నిలబెట్టిరి. మొక్క ఎప్పటినుండియో ఇంటి వాకిట నున్నది.

ఇంకొక ప్రశ్న యున్నది, అన్నిటికన్న బరువైనది. బీడు ఎవరిది? ప్రభుత్వ దస్త్రములలో బీడనగా ఎవరికిని పనికిరాని భూమి. పల్లెలో బీడనగా గొర్రెల మేత, వంటచెరకు, చీపురు పుల్ల, ఈతచాప, వానకాలపు ఆకుకూర. పూర్వపు అనంతపురము జిల్లాలోని చెన్నేకొత్తపల్లి వద్ద 1990లో తింబక్టు కలెక్టివ్ అను సంస్థ వెలసినది. దాని చేయూతతో ముష్టికోవెల మొదలగు పల్లెలవారు వేల యెకరముల బోడిగుట్టలను అగ్గినుండియు గొడ్డలినుండియు కాపాడిరి. కల్పవల్లి యని దానికి పేరిడిరి. క్రొత్తగా నాటిన దానికన్న, నరుకక వదలినదే ఎక్కువగా పెరిగినది. వాగుల వెంట ఈత లేచినది; ఈతాకుతో బుట్టలు, చాపలు అల్లువారికి పని దొరకినది. గడ్డి పెరిగినది, కరవు సంవత్సరమున దూరపు మందలును అచటికి వచ్చినవి. ఇదియును మొక్కనుండి పుట్టిన పరిశ్రమయే. దీనికి పొగగొట్టము లేదు, అంతే. దస్త్రములలో ఆ గుట్టలు బీడుగనే మిగిలినందున, కొంత భాగము గాలిమరలకు పోయినది. గాలిమర చెడ్డదని కాదు. ఎవరో పెంచుకొన్న వనము కాగితముపై ఖాళీనేలగా కనిపించుట చెడ్డది.

ఈ ప్రశ్న నేడు మరల ఎదురగుచున్నది. 2024 ఆగస్టు 24న కేంద్ర మంత్రివర్గము బయో ఇ3 అను విధానమును ఆమోదించినది. మొక్కలు, సూక్ష్మజీవులు మూలముగా రసాయనములను, ప్లాస్టికునకు మారు పదార్థములను తయారుచేయు పరిశ్రమలకు ఊతమిచ్చుట దాని యుద్దేశము. అదే సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానమును ప్రకటించినది. రాష్ట్రమున బీడుభూములలో నేపియర్ గడ్డి పెంచి, దానినుండి వంటకును వాహనములకును పనికివచ్చు వాయువును తీయు 500 కేంద్రములకు ఒక పెద్ద సంస్థతో ఒప్పందము కుదిరినది. మొదటిదానికి 2025 ఏప్రిల్ 2న ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతములోని దివాకరపల్లి వద్ద శంకుస్థాపన జరిగినది.

మంచిదే. కాని ఇరువది యేండ్ల కానుగ అనుభవము కొన్ని ప్రశ్నలను అడుగుమనుచున్నది. నేపియర్ గడ్డి బాగుగా పెరుగుటకు నీరు కావలెను. 550 మిల్లీమీటర్ల సీమలో ఆ నీరు ఎచటిది? బీడును కౌలునకిచ్చినపుడు గొర్రెలకాపరి ఎచటికి పోవును? కొనుగోలు ధరను తయారీ ఖర్చును చూచి కట్టుదురా, చమురు మార్కెట్టును చూచి కట్టుదురా? యంత్రము పట్టణమున నుండునా, పల్లెకు దగ్గరగా నుండునా? ఒక్క మొక్కనే నమ్ముకొని వేరుసెనగవలె మరియొక ఏకచ్ఛత్రాధిపత్యమును తెచ్చిపెట్టుదురా?

మెట్టసీమకు తగిన విధానము ఈ ప్రశ్నలలోనే దాగియున్నది. మేలిచెట్లనుండి అంట్లు కట్టి పంచుట. కాపునకు వచ్చువరకు మొక్కను సాకువానికి కూలి నిచ్చుట. గింజ ఏరువారికి కనీసధర కట్టుట. నాలుగైదు పల్లెలకొక నూనె యంత్రమును, ఆరబోతకు కళ్లమును సమకూర్చుట. ఉమ్మడి బీడులపై పల్లెవారి వాడుకను దస్త్రములలో నమోదు చేయుట. ఇందు అద్భుతమేదియు లేదు. కానుగ కాయ కోతకు వచ్చునది వేసవి దినములలో, చేలలో పని దొరకని కాలమున. బెంగుళూరు దారి పట్టు కుటుంబము ఆ నెలలలో ఇంటిపట్టున నిలుచుటకు కొన్ని బస్తాల గింజయైనను కొంత ఆసరా యగును.

ఉపాధ్యాయులకు ఇందు ఒక పని కలదు. కానుగ లేని పల్లెబడి సీమలో అరుదు. ఆ చెట్టు క్రింద వృక్షశాస్త్రము చెప్పవచ్చును, లెక్కలు చెప్పవచ్చును, కాళిదాసును చెప్పవచ్చును. ఏ చెట్టు ఎన్ని కిలోలు కాసినదో పిల్లలు పుస్తకమున వ్రాసి పెట్టినచో, నాలుగేండ్లకు ఆ యూరిలో మేలిచెట్టు ఏదియో తెలియును. శాస్త్రజ్ఞునకు కావలసిన మొదటి సమాచారము అదియే. అడుగవలసినవారిని అడుగుటకు పల్లెకు కావలసిన మొదటి ఆధారమును అదియే.

కానుగకును గానుగకును నడుమ ఒక్క యక్షరమే భేదము. ఒకటి నేల యిచ్చినది. రెండవది మనుష్యుడు నిలుపుకొనవలసినది. మొదటిది అనంతపురము బాటల ప్రక్కన ఇప్పటికిని నీడనిచ్చుచు, కాయ రాల్చుచు నిలిచియున్నది. రెండవదాని కొరకు అడుగుటయు, అడిగి సాధించుటయు మిగిలియున్న పని.